పారిసులో హైదరాబాదు తగవు

కృష్ణానదికి దక్షిణపు గట్టున, నాటి బెజవాడ కెదురుగా నున్న తాడేపల్లి నుండి చూచిన, 1948లో హైదరాబాదు సంస్థానపు పొలిమేర ఎంతో దూరము కాదు. నది వెంట ఎగువకు పోయి పలనాడు చేరినచో, ఈవలి యొడ్డు మదరాసు రాష్ట్రములోని గుంటూరు జిల్లా. ఆవలి యొడ్డు నిజాము ఏలుబడిలోని నల్లగొండ జిల్లా. పత్తి, మిరప పండించు రైతులకు ఏనాటి నుండియో అలవాటైన రేవులే ఆ యేడు శరణార్థుల రేవు లయ్యెను. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక ఎందరో పిల్లాపాపలతో కృష్ణా, గుంటూరు జిల్లాలకు వచ్చి తలదాచుకొనిరి. కావున సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము సంస్థానములో అడుగిడినపుడు, అది న్యాయమా, అన్యాయమా యను ప్రశ్న ఈ ప్రాంతమున అంతగా తలయెత్తలేదు.

ఆ ప్రశ్న తలయెత్తినది పారిసు నగరమున.

యుద్ధము సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. ప్రధానసైన్యము షోలాపూరు వైపు నుండి మేజర్ జనరల్ చౌధురి నాయకత్వమున కదలెను. మరొక దళము బెజవాడ బాటను పట్టి మునగాల, కోదాడల మీదుగా సూర్యాపేట చేరెను. వెనుదీయుచున్న నిజాము సైనికులు మూసీ వంతెనను కూల్చిరి గాని, దానిని కాచుటకు ఎవ్వరును నిలువలేదు. 17వ తేదీ సాయంకాలము నిజాము రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించెను. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయెను. నూరు గంటల పైచిలుకు కాలములో అంతయు ముగిసెను.

ఇక లోకము దీని నెట్లు చూచెను? ఆ సంవత్సరము జనవరి 1వ తేదీన, కాశ్మీరు విషయమున తనపై దురాక్రమణ జరిగినదని భద్రతాసమితికి ఫిర్యాదు చేసినది భారతదేశమే. ఎనిమిది నెలలు తిరుగక మునుపే అదే సమితి యెదుట భారతదేశము ప్రతివాది యయ్యెను. జనవరి 30న గాంధీమహాత్ముడు నేలకొరిగెను. అహింసను బోధించిన దేశమిది యని లోకము ఇంకను చెప్పుకొనుచున్న కాలమది. 1947 నవంబరు 29న నిజాముతో చేసికొన్న యథాతథపు ఒడంబడిక గడువు ఏడాది. అది ఇంకను తీరలేదు. సెప్టెంబరు 11న జిన్నా మరణించెను. రెండవనాటి తరువాత సైన్యము కదలెను. దూరము నుండి పత్రికలు చదువువానికి ఇవన్నియు ఒకదాని ప్రక్కన ఒకటి చేరి ఎట్టి చిత్రముగా కానవచ్చెనో ఊహింపవచ్చును. బ్రిటిషు పార్లమెంటులో ప్రతిపక్షనాయకుడుగా నున్న చర్చిలు నిజాము పక్షమున గట్టిగా మాటలాడెను.

నెహ్రూ తటపటాయించుటకు కారణ మిదియే. దానిని పిరికితన మనుట న్యాయము కాదు. కాశ్మీరు వ్యాజ్యము నడుచుచుండగా మరొకచోట సైన్యమును పంపిన, ఆ వ్యాజ్యములో తన మాట తేలికయగునని ఆయన ఎరుగును. పటేలు చూచినది వేరు: ఆలస్యమైన కొలది సంస్థానములో ప్రజల ప్రాణములకు ముప్పు పెరుగుచుండెను, కరాచీ నుండి విమానములలో ఆయుధములు దొంగచాటుగా దిగుచుండెను. ఇద్దరిలో పటేలు లెక్కయే ఆనాటికి సరియైనదని మా అభిప్రాయము. కాని నెహ్రూ భయపడినదియు జరుగకపోలేదు.

ఈ యుద్ధమునకు పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. ట్యాంకులను, యుద్ధవిమానములను వెంటబెట్టుకొని తిరుగు పోలీసులను అంతకుముందు ఎవ్వరును చూచియుండరు! అయినను ఆ పేరు ఊరక పెట్టినది కాదు. యుద్ధమనిన రెండు రాజ్యములు కావలెను. పోలీసు చర్య యనిన ఇంటిలోని వ్యవహారము. ఒక దేశపు ఆంతరంగిక విషయములలో ఐక్యరాజ్యసమితి జోక్యము చేసికొనరాదని దాని శాసనపత్రమే చెప్పుచున్నది. కావున ఆ రెండు మాటలలో భారతదేశపు వాదమంతయు ఇమిడియుండెను.

నిజాము ప్రభుత్వము ఆగస్టు 21వ తేదీననే సమితికి ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 16న పారిసులో సమావేశమైన భద్రతాసమితి దానిని విచారణకు స్వీకరించెను: అనుకూలముగా 8 వోట్లు, వ్యతిరేకముగా ఒక్కటియు లేదు, చైనా, సోవియట్ యూనియన్, ఉక్రేనులు తటస్థముగా నుండెను. హైదరాబాదు స్వతంత్రరాజ్యము కాదనియు, దానికి ఈ గడప తొక్కు నధికారము లేదనియు రామస్వామి ముదలియారు వాదించిరి. ఎదుటి పక్షమునకు మొయిన్ నవాజ్ జంగ్ పెద్ద. వాదము పదునెక్కక మునుపే యుద్ధము ముగిసెను. 22వ తేదీన నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి పంపెను. మరునాడు రేడియోలో మాటలాడుచు, కాసిం రజ్వీ ముఠా తన ప్రభుత్వమును బలవంతముగా చేజిక్కించుకొని తన్ను నిస్సహాయుని గావించినదని చెప్పెను.

పరాయి సైన్యము నగరములో నుండగా పలికిన పలుకు స్వేచ్ఛగా పలికినది యగునా యని పారిసులో ఆయన ప్రతినిధులే ప్రశ్నించిరి. ప్రశ్న సబబైనదే. సమితి మాత్రము అవునని గాని కాదని గాని చెప్పలేదు. 1949 మే నెలలో పాకిస్తాను ఈ విషయమును మరల వినిపించెను. తీర్మాన మేదియు రాలేదు. ‘హైదరాబాదు ప్రశ్న’ యను పేరు మాత్రము సమితి జాబితాలో దశాబ్దముల పాటు మిగిలియుండెను.

భారతదేశపు పరువు నిలిచినది వాదపటిమ వలన కాదు. 1950లో నిజామే రాజప్రముఖుడై కొత్త రాజ్యాంగమునకు లోబడి నిలిచెను. 1952లో ప్రజలు వోట్లు వేసిరి, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గ మేర్పడెను. ఈ రెండింటి తరువాత నిజాము తరఫున మాటలాడువారు బయటి దేశములలో తగ్గిపోయిరి. 1961 డిసెంబరులో గోవా విషయమున మరల భద్రతాసమితిలో భారతదేశము నిందలు మోయవలసి వచ్చెను. ఆనాడు సోవియట్ వీటో అడ్డు నిలిచెను.

మరియొక సంగతి కలదు. దానిని మనవారు తరచుగా దాటవేయుదురు. సైన్యము ప్రవేశించిన పిమ్మట ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ఘోరమైన ప్రతీకారము జరిగెను. విచారించి రమ్మని నెహ్రూ ప్రభుత్వము పండిట్ సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫార్ మున్నగువారిని పంపెను. చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉందురని వారు అంచనా వేసిరి. కొన్నిచోట్ల సైనికులును దోపిడిలో పాల్గొనిరనియు, పెక్కుచోట్ల హిందువులు తమ ప్రాణములకు తెగించి పొరుగువారిని కాపాడిరనియు వ్రాసిరి. రజాకార్ల చేత చంపబడినవారి కొరకు మనము ఏడ్చినట్లే వీరి కొరకును ఏడ్వవలసియుండెను. ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. విజేత యైన ప్రభుత్వము తనవారి తప్పును తానే విచారించుట అరుదు. అది లోకమునకు చెప్పుకొనదగిన విషయమే. దానినే దాచిరి. పారిసులో జరిగిన వాదప్రతివాదములు ఆనాడే అచ్చయ్యెను. సుందరలాలు నివేదిక మాత్రము అరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున చదువరుల కందెను.