ఎడమచేతికి పని

మొన్న సైనిక్‌పురి ఇంట్లో అటక సర్దుతుంటే మామయ్య నోటుబుక్కు ఒకటి దొరికింది. రూళ్ళ పుస్తకం, వంద పేజీలది. లోపల డ్రాఫ్ట్స్‌మన్‌ల చేతికే వచ్చే నిటారు అక్షరాల్లో రెండు వరసలు. ఎడమవైపు ఒకటో రెండో ఇంగ్లిష్ అక్షరాలు, కుడివైపు వాటి అర్థం తెలుగులో. ఎల్ అంటే గీత. సి అంటే వృత్తం. ఎమ్ అంటే జరుపు. ఇ అంటే చెరుపు. టీఆర్ అంటే కత్తిరించు. ఎమ్‌ఐ అంటే అద్దం.

అది 1999. నాకు పదకొండేళ్ళు, మామయ్యకి నలభై ఆరు. ఆటోక్యాడ్ నేర్చుకుంటున్నాడు. రాత్రి భోజనాలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ప్రశ్నలడగడం నా డ్యూటీ. నేను "కత్తిరించు?" అంటే ఆయన "టీ, ఆర్" అనాలి. తప్పు చెప్తే నాకో రూపాయి. ఆ నెలలో నేను బాగానే సంపాదించాను. మామయ్య నవ్వేవాడు గానీ అత్త నవ్వేది కాదు. ఎందుకో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన పనిచేసే ప్రైవేటు కన్సల్టెన్సీలో డ్రాయింగ్ బోర్డులు తీసేస్తున్నారు. నెల రోజుల్లో కంప్యూటర్ మీద గీయడం వచ్చినవాళ్ళు ఉంటారు, రానివాళ్ళు ఉండరు.

మామయ్య ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివాడు. పాతికేళ్ళు బోర్డు ముందు నిలబడ్డాడు. టీ-స్క్వేర్, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్నులు. గీత తప్పితే బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి. ప్రింటు తీసిన రోజు చొక్కాకి అమ్మోనియా వాసన. ఆ పనిలో రెండు చేతులూ పనిచేస్తాయి. కుడిచెయ్యి గీస్తుంది, ఎడమచెయ్యి స్క్వేరుని అదిమి పడుతుంది. చూసేవాళ్ళకి కుడిచెయ్యే కనిపిస్తుంది గానీ, గీత నిటారుగా వచ్చిందంటే అది ఎడమచేతి పుణ్యమే.

కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి రోజు ఆయనకి ఎడమచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదట. కుడిచేతిలో మౌసు, ఎడమచెయ్యి ఒళ్ళో. "సగం మనిషిని ఇంట్లో వదిలేసి వచ్చినట్టుందిరా" అన్నాడు.

ఈ మాట చాలాకాలం నాతో ఉండిపోయింది. ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, కంప్యూటర్ల చరిత్ర మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాక అర్థమైంది. మామయ్య ఫిర్యాదు చేసిన లోటు గురించి ఆ యంత్రాన్ని కనిపెట్టినవాళ్ళు మొదట్లోనే ఆలోచించారు.

1963లో ఎమ్‌ఐటీ విద్యార్థి ఐవన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. తెర మీద బొమ్మ గీసి, దాన్ని సవరించగలిగే మొదటి ప్రోగ్రాముల్లో అదొకటి. క్యాడ్ వంశవృక్షం అక్కణ్ణుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ పాత ఫిల్ములు చూడండి. ఒక చేతిలో కాంతిపెన్ను, దాంతో తెర మీద చోటు చూపిస్తారు. రెండో చెయ్యి బటన్ల పెట్టె మీద. గీతా, వృత్తమా, చెరపడమా, జరపడమా అన్నది ఆ చెయ్యి చెప్తుంది. అంటే 'ఎక్కడ' అన్నది ఒక చేతి పని, 'ఏమిటి' అన్నది ఇంకో చేతి పని.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసుని లోకానికి చూపించాడు. అందరికీ కుడిచేతిలో ఉన్న మౌసు గుర్తుంది. ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పలక ఒకటుండేది. హార్మోనియం మెట్లలా రెండు మూడు కలిపి నొక్కితే ఒక్కో అక్షరం పడుతుంది. మౌసు మిగిలింది, ఆ పలక పోయింది. నేర్చుకోవడం కష్టమని జనం దాన్ని పట్టించుకోలేదు.

పోయిన పలక పని మామూలు కీబోర్డు అందుకుంది. 1982లో జాన్ వాకర్, మరికొందరు ప్రోగ్రామర్లు కలిసి ఆటోడెస్క్ పెట్టారు. మైక్ రిడిల్ అంతకుముందు రాసిన ఇంటరాక్ట్ అనే ప్రోగ్రామే వాళ్ళ ఆటోక్యాడ్‌కి పునాది. అప్పటి పర్సనల్ కంప్యూటర్లలో చాలావాటికి మౌసే లేదు. అందుకే తెర అడుగున ఒక కమాండ్ లైను, అందులో మాట టైప్ చేస్తే పని జరుగుతుంది. తర్వాత ఐకాన్లు వచ్చాయి, మెనూలు వచ్చాయి, కమాండ్ లైను మాత్రం పోలేదు. పూర్తి మాటకి బదులు ఒకటి రెండు అక్షరాలు చాలు. ఆ పొట్టిపేర్లన్నీ మామూలు టెక్స్ట్ ఫైలొకదాంట్లో ఉంటాయి. కావాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు.

ఇక మన వైపు. సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలిసిన కాలనీ. దాని పక్కనే 1967లో ఈసీఐఎల్ మొదలైంది. మనకి ఈసీ టీవీగా గుర్తున్న ఆ సంస్థ, టీడీసీ పేరుతో ఈ దేశపు తొలితరం కంప్యూటర్లు కూడా తయారుచేసింది. దాన్ని నడిపించిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే ఏ.ఎస్.రావు నగర్. 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. ఇప్పటి సైయెంట్ అదే. మ్యాపుల్ని డిజిటల్‌గా మార్చడం, ఇంజనీరింగ్ డిజైన్ దాని తొలి పనుల్లో ఉన్నాయి. అంటే కంప్యూటర్లు తయారయ్యే చోటికి సైకిలు దూరంలో కాపురముంటూ, కంప్యూటర్ మీద గీతలు గీసే కంపెనీ ఉన్న ఊళ్ళోనే ఉద్యోగం చేస్తూ, మామయ్య 1999 దాకా బ్లేడుతో ఇంకు గీకుతూనే ఉన్నాడు. ఒకే ఊళ్ళో కాలం అందరికీ ఒకేసారి మారదు.

సరే, ఇంతకీ ఈ అక్షరాల వల్ల ఎంత కలిసొస్తుంది? దీనికి లెక్క ఉంది. 1980లో కార్డ్, మోరాన్, న్యూవెల్ అనే ముగ్గురు పరిశోధకులు మనిషి కంప్యూటర్ ముందు చేసే పనిని ముక్కలు చేసి కొలిచారు. మౌసుతో తెర మీద ఒకచోటికి చేరడానికి సగటున 1.1 సెకన్లు. ఓ మాదిరిగా టైప్ చేసేవాడికి ఒక మీట నొక్కడానికి 0.28. కీబోర్డుతో పరిచయమే లేనివాడికి 1.2. ఏం చేయాలో మనసులో కూడదీసుకోవడానికి 1.35.

ఈ అంకెలతో మనమే ఒక లెక్క వేసి చూద్దాం. గీత ఐకాన్ దాకా వెళ్ళి, నొక్కి, మళ్ళీ బొమ్మ దగ్గరికి రావాలంటే దాదాపు రెండున్నర సెకన్లు. ఎల్ నొక్కి స్పేస్‌బార్ కొట్టడానికి అర సెకను పైచిలుకు. రోజుకి కొన్ని వందల కమాండ్లు ఇచ్చేవాడికి ఇది చిన్న తేడా కాదు. కానీ ఇది చెయ్యి తిరిగినవాడి లెక్క. అదే మామయ్య అయితే? రెండు మీటలకి 2.4 సెకన్లు, గుర్తుచేసుకోవడానికి 1.35, మొత్తం మూడుముప్పావు. అంటే మొదటి వారాల్లో ఆయనకి షార్ట్‌కట్ కన్నా ఐకానే దగ్గరి దారి.

నా మటుకు ఈ చరిత్ర అంతటిలోనూ ముఖ్యమైన సంగతి ఇదే. షార్ట్‌కట్ మొదట చుట్టుదారి. నడవగా నడవగా దగ్గరవుతుంది. 1987లో జాన్ క్యారల్, మేరీ బెత్ రాసన్ దీని గురించే రాశారు. మనుషులు ముందు చేతిలో ఉన్న పని పూర్తిచేయాలని చూస్తారు, దానికోసం తెలిసిన దారినే పట్టుకుంటారు, మెరుగైన దారి నేర్చుకోవడానికి ఆగరు. దీన్ని బద్ధకం అనుకుంటాం గానీ, సాయంత్రానికి షీటు ఇవ్వాల్సినవాడు పొద్దున్న నెమ్మదించడానికి ఒప్పుకోడు. మీకు క్యాడ్ తెలియకపోవచ్చు. తెలుగు టైపింగ్ నేర్చుకున్న రోజులు తలుచుకోండి. 'జ్ఞ' ఎలా కొట్టాలో తెలియక పక్కవాళ్ళని అడిగి, లేదా ఆ మాటే మార్చేసి రాసుకున్న వాక్యాలు మీకూ ఉండే ఉంటాయి.

ఆఫీసు మామయ్యకి ఆ నెమ్మది రోజులు ఇవ్వలేదు. ఆయనే కొనుక్కున్నాడు. సెకండ్‌హ్యాండ్ కంప్యూటరొకటి వెనక గదిలోకి వచ్చింది. అత్త గాజులు రెండు ఆ నెల్లోనే కనబడకుండా పోయాయి. ఆదివారాలు ఆయన పాత షీట్లు ముందేసుకుని అవే మళ్ళీ తెర మీద గీసేవాడు. మౌసు తీగకి రబ్బరుబ్యాండు కట్టి, దాన్ని ఎక్కువ దూరం కదలనిచ్చేవాడు కాదు. ఎడమచెయ్యి మీటల మీద ఉండాల్సిందే. మెల్లగా ఆయనకి పాత సామాను కనిపించసాగింది. ఎఫ్8 నొక్కితే గీత అడ్డంగానో నిలువుగానో తప్ప పోదు. "ఇదేరా నా టీ-స్క్వేరు" అన్నాడు. సమాంతర గీతకి ఓ. ముందు చేసిన పనే మళ్ళీ చేయాలంటే ఒట్టి స్పేస్‌బార్. స్క్వేరుని అదిమిపట్టిన బొటనవేలికి మళ్ళీ ఉద్యోగం దొరికింది.

ఆఫీసులో కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాళ్ళు ఎలాగూ ఆయనకన్నా వేగంగా కొట్టేవాళ్ళు. ఆయన నిలబడింది వేరే చోట. ఒక అపార్ట్‌మెంటు ప్లాను వచ్చింది, మెట్లకి అటూ ఇటూ ఒకేలాంటి ఫ్లాట్లు. కుర్రాడు రెండువైపులా గోడ గోడకీ గీసుకుంటూ పోతున్నాడట. మామయ్య కాసేపు ఊరికే చూసి, ఒక ఫ్లాటు గీసి, ఎమ్, ఐ కొట్టాడు. బోర్డు మీద ప్రతి గీతకీ ఒళ్ళు నొప్పి పుడుతుంది కాబట్టి, గీయకుండా తప్పించుకోగల గీత ఏదో ముందే చూసుకోవడం ఆయనకి అలవాటు.

ఈ కథ చెప్తే కొందరు నమ్మరు. 2000లో సురేశ్ భావ్‌నానీ, బానీ జాన్ ప్రచురించిన పరిశోధన వాళ్ళకి చూపిస్తాను. అనుభవమున్న క్యాడ్ వాడకందారు ఒకరు, పైకప్పు ప్యానెళ్ళ గీతలు గాలి వెంట్ల మీదుగా పోతుంటే వాటిని ఒక్కొక్కటిగా కత్తిరిస్తూ కూర్చున్నారు. చుట్టూ కంచె గీసి ఒక్క దెబ్బకి తీసేసే ఏర్పాటు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కమాండ్లు తెలిసినంత మాత్రాన ఎప్పుడు ఏది వాడాలో తెలియదని, దాన్ని విడిగా నేర్పాలని వాళ్ళు తేల్చారు. మీటల జాబితాలు ఈ రెండో విద్య నేర్పవు. మామయ్యకి అది బోర్డు నేర్పింది.

ఆయన ఉద్యోగం నిలబడింది. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. కథ అక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది గానీ, ఇంకొకటి కూడా చెప్పాలి. బోర్డు మీద మూడు రోజులు పట్టే ఫ్లోర్ ప్లాను ఒక్క రోజులో అయిపోయేది. మిగిలిన రెండు రోజులు మామయ్యకి రాలేదు, ఇంకో రెండు ప్లాన్లు వచ్చాయి. జీతం మూడింతలు కాలేదు. ఆదా అయిన సెకన్లన్నీ ఎటు పోయాయని నేనొకసారి అడిగితే, "షీట్ల మీదకి పోయాయిరా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

మా టీమ్‌లో ఈమధ్య కొత్తగా చేరిన అమ్మాయి ప్రతిదానికీ మౌసు పట్టుకుంటుంది. పక్కన కూర్చున్నప్పుడు నాకు చేతులు ఊరుకోవు, ఆ మీట నొక్కు, ఈ మీట నొక్కు అని అనేస్తుంటాను. ఆ అమ్మాయికి ఇచ్చిన పనుల గడువులు వేసింది కూడా నేనే.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ప్రతి పేజీ మూలన మామయ్య తారీఖు వేసుకున్నాడు, డ్రాయింగు షీటు మీద వేసినట్టే. తప్పుల్లేకుండా అన్నీ చెప్పిన రోజున చివరి పేజీలో నా చేత సంతకం పెట్టించుకున్నాడు. మొదటి పేజీకీ నా సంతకానికీ మధ్య పదకొండు వారాలు. ఆఫీసు ఇచ్చింది నాలుగు.