మెఱుపు, చదును

ధూళికణ మొక్కటి పడినను చెడు సిలికాను పలకపై, రాపిడిపొడి కలిపిన ద్రవము పోసి రుద్దుట వెఱ్ఱి గాదా? 1980 తరువాతి యేండ్లలో అమెరికాయందు ఐ.బి.యం. సంస్థవారు ఈ వెఱ్ఱినే విద్యగా మార్చిరి.

రాగి అల్యూమినియముకంటె విద్యుత్తునకు మంచి త్రోవ. కాని వాయువులతో కొఱికించి సన్నని తీగెలుగా మలచుటకు లొంగదు. కావున ముందు గాజువంటి పొరలో గాడులు తీసి, రాగి నింపి, పైకి పొర్లినదానిని అరగదీసిరి. 1997లో ఆ సంస్థయే ఈ రాగిపనిని లోకమునకు ప్రకటించెను. డమాస్కసు నగరపు పొదుగుపనిని బట్టి దీనికి డమాసీన్ అని పేరు.

మందు పైపొరను మార్చును, పొడి దానిని గీకును. చింతపండుతో చెంబు తోమువారికి ఈ మర్మము క్రొత్త గాదు. మాకు విశేషముగ తోచునది వేఱొకటి. మనము మెఱుపు చూచి మురియుదుము. వారికి కావలసినది చదును. మెత్తని రాగి వెడల్పు గాడులలో పళ్లెమువలె గుంటపడును. అంతట మీది పొరపై వెలుతురుతో దించు చిత్రము మసకబారును. అరుగుదలలో హెచ్చుతగ్గులు లేకుండుటకై, ఖాళీచోట్ల నే పనియు లేని రాగితునకలను గూడ పొదుగుచున్నారు.