ఒక ఊరు, మూడు ఇళ్లు

మా హాస్టల్ మొదట నడిచింది అద్దెకు తీసుకున్న ఒక పాత పెంకుటింట్లో. కొత్త భవనంలోకి మారేటప్పుడు ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తాలు, వంట గిన్నెలు అన్నీ లెక్క చూసి తెచ్చుకున్నాం. గోడ మీద పాత బ్యాచ్‌ల పిల్లలు బొగ్గుతో రాసుకున్న పేర్లను మాత్రం ఒక కాగితం మీదకు ఎక్కించుకోలేదు. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే గోడలకు సున్నం వేసేశారు. ఆ పొరపాటు మాదే. అప్పటి నుంచి, విద్యార్థులు ఇల్లు మారిన చరిత్ర ఎక్కడ కనిపించినా శ్రద్ధగా చదువుతున్నాం. అలా తెలిసిన ఒక ఊరి సంగతిని మన యువతతో పంచుకుంటున్నాం.

ఊరి పేరు ఇథాకా. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, కయూగా సరస్సు ఒడ్డున ఉంది. టెలిగ్రాఫ్ వ్యాపారంలో బాగా సంపాదించిన ఎజ్రా కార్నెల్, ఆండ్రూ డిక్సన్ వైట్‌తో కలిసి 1865లో అక్కడ కార్నెల్ విశ్వవిద్యాలయం స్థాపించాడు. తన కుటుంబం కోసం కొండవాలులో ఒక రాతి మేడ కూడా కట్టించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే 1874లో కన్నుమూశాడు. ఆ మేడ పేరు లెన్‌రాక్. కార్నెల్ అనే పేరులోని ఇంగ్లిషు అక్షరాలను వెనుక నుంచి చదివితే వచ్చేది అదే.

1911లో ఆ మేడను డెల్టా ఫై అనే ఫ్రెటర్నిటీ కొని, అందులోకి మారింది. ఫ్రెటర్నిటీ అంటే విద్యార్థుల సోదర సంఘం. మన లెక్కలో చెప్పాలంటే విద్యార్థులే నడుపుకునే హాస్టల్ లాంటిది. కొత్తగా ఎవరిని చేర్చుకోవాలో పాతవాళ్లే నిర్ణయిస్తారు. డెల్టా ఫై 1827లో యూనియన్ కాలేజీలో పుట్టిన సంఘం. ఆ రోజుల్లో కార్నెల్‌లో అబ్బాయిలకు యూనివర్సిటీ హాస్టళ్లు దాదాపు లేవు. ఫ్రెటర్నిటీ ఇల్లో, అద్దె గదో చూసుకోవాల్సిందే. అందుకే సొంత ఇల్లు అంత పెద్ద విషయం. లెన్‌రాక్ 1980లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఎన్ని బ్యాచ్‌లు మారినా ఆ ఇల్లు సంఘం చేతుల్లోనే నిలిచింది.

అదే ఊళ్లో అదే కాలంలో ఇంకో కథ నడిచింది. ఇలాంటి సంఘాలు అప్పట్లో నల్లజాతి విద్యార్థులను చేర్చుకునేవి కావు. 1904-05లో కార్నెల్‌లో చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. పండక్కి ఊరెళ్లి మళ్లీ రాని పిల్లల ఖాళీ మంచాలు మాకు బాగా తెలుసు. కాబట్టి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. తర్వాత వచ్చినవాళ్లు చదువులో ఒకరికొకరు సాయంగా ఉండాలని కలిశారు. ఊళ్లోని నల్లజాతి కుటుంబాలు తమ ఇళ్లలో వాళ్లకు చోటిచ్చాయి. 1906 డిసెంబర్ 4న ఆ కలయికే ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సోదర సంఘమైంది. స్థాపకులు ఏడుగురు. వారిలో వెర్ట్నర్ టాండీ తర్వాత పేరున్న ఆర్కిటెక్ట్ అయ్యాడు. మేడమ్ సి. జె. వాకర్ అనే నల్లజాతి వ్యాపారవేత్తకు విల్లా లెవారో అనే భవంతిని రూపొందించింది ఆయనే. మార్టిన్ లూథర్ కింగ్ కూడా తర్వాతి కాలంలో ఈ సంఘ సభ్యుడే.

ఇక జల్, జంగల్, జమీన్ అన్న మాట వింటూ పెరిగిన మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ నేల ఎవరిది? సరస్సు పేరులోనే జవాబు ఉంది. అది కయూగా ఆదివాసుల నేల. 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆదేశంతో జనరల్ సలివాన్ సేన వాళ్ల గ్రామాలను, పంటలను తగలబెట్టింది, పండ్ల తోటలను నరికేసింది. విశ్వవిద్యాలయానికి వచ్చిన డబ్బులోనూ ఆదివాసుల భూమి ఉంది. 1862 నాటి మోరిల్ చట్టం కింద కాలేజీ చదువుల కోసం న్యూయార్క్ రాష్ట్రానికి దక్కిన వాటా 9,89,920 ఎకరాలు. అందులో సగం దాకా ఎజ్రా కార్నెల్ విస్కాన్సిన్ పైన్ అడవుల్లో ఎంచుకున్నాడు. ఓజిబ్వే ఆదివాసులు ఒప్పందాల పేరుతో పోగొట్టుకున్న అడవులవి. ఆ భూముల అమ్మకాలతో విశ్వవిద్యాలయం నిలదొక్కుకుంది.

మూడో ఇల్లు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1991లో కార్నెల్‌లో అగ్వేగో అనే విద్యార్థి నివాసం తెరిచారు. ఆదివాసీ సంస్కృతిని గౌరవిస్తూ అమెరికా విశ్వవిద్యాలయాల్లో కట్టిన మొదటి నివాసం అదే. మోహాక్ భాషలో ఆ మాటకు 'మనమందరం' అని అర్థం. ఆదివాసీ పిల్లలు, ఇతరులు కలిసే ఉంటారు.

లెన్‌రాక్ చరిత్ర తేలిగ్గా దొరుకుతుంది. రాతి గోడలున్నాయి, దస్తావేజులున్నాయి, రాసిపెట్టేవాళ్లున్నారు. మన ఇళ్లకు అవి తక్కువ. అందుకే యువతను ఒక పని అడుగుతున్నాం. మీరు చదివిన హాస్టల్ మొదట ఎవరి ఇంట్లో మొదలైంది? ఆ స్థలం ఎవరిచ్చారు? మొదటి బ్యాచ్‌లో ఏయే ఊళ్ల పిల్లలున్నారు? వండిపెట్టిన అమ్మ పేరేమిటి? పెద్దవాళ్లుండగానే అడిగి, మన భాషలో చెబితే మన భాషలోనే రాసి, తేదీ వేసి పెట్టండి. మేమూ మొదలుపెట్టాం. పాత విద్యార్థులకు ఫోన్లు చేసి, సున్నం కింద పోయిన పేర్లు అడుగుతున్నాం. ఇప్పటికి 19 దొరికాయి.