ఇల్లు కట్టాలా, జింకకి వదలాలా? ఫ్లోరిడా దీవిలో ప్లాట్ల లెక్క తేల్చిన జీఐఎస్ మ్యాప్

ప్లాటు మీ పేరు మీదే ఉంది. కానీ ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. అమెరికాలో ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న బిగ్ పైన్ కీ దీవిలో చాలామంది ఏళ్ల తరబడి ఇదే పరిస్థితిలో ఉన్నారు. ఓ పక్క స్థలాల ఓనర్లు, ఇంకో పక్క ప్రపంచంలో మరెక్కడా లేని ఓ చిన్న జింక. ఈ చిక్కుముడి విప్పడానికి అధికారులు వాడిన సాధనమే జీఐఎస్ మ్యాపింగ్.

ఏంటీ కీ డీర్?

ఉత్తర అమెరికా తెల్లతోక జింకల్లో అన్నిటికంటే చిన్న రకం ఇది. పెరిగిన మగ జింక బరువు 25 నుంచి 34 కిలోలే. అంటే మన ఊళ్లో ఓ మోస్తరు మేకంత! వీటి వేటని 1939లోనే నిషేధించినా, 1950ల నాటికి 25 నుంచి 50 మాత్రమే మిగిలాయి. 1957లో వీటి కోసం ప్రత్యేకంగా అభయారణ్యం ఏర్పాటు చేశారు. 1967లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. తర్వాత సంఖ్య వందల్లోకి పెరిగింది. వాటిలో ఎక్కువ భాగం ఉండేది బిగ్ పైన్ కీ, పక్కనే ఉన్న నో నేమ్ కీ దీవుల్లోనే.

గొడవ ఎక్కడొచ్చింది?

ఈ దీవి మధ్యలోంచి యూఎస్ 1 హైవే వెళ్తుంది. కీ డీర్ చావులకి అతి పెద్ద కారణం వాహనాలు ఢీకొట్టడమే. ఇక ఆ రోడ్డు మీద ట్రాఫిక్ మోయలేని స్థాయికి చేరిందంటూ 1995లో కొత్త ఇళ్లకి బ్రేక్ వేశారు. రోడ్డు వెడల్పు చేస్తేనే మళ్లీ పర్మిషన్లు. కానీ రోడ్డు వెడల్పు చేసినా, ఇళ్లు పెరిగినా జింకలకి ముప్పే. అందుకే ముందు వాటి రక్షణకి ప్లాన్ చూపించాలని కేంద్ర చట్టం అడిగింది.

మ్యాప్ ఎలా తయారైంది?

మొదట జింకల మెడకి రేడియో కాలర్లు కట్టారు. అవి ఎక్కడ మేస్తున్నాయి, ఎటు నడుస్తున్నాయి, ఎక్కడ చనిపోతున్నాయి అన్నది టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పరిశోధకులు రికార్డు చేశారు. తర్వాత దీవి మొత్తాన్ని కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లుగా విడగొట్టారు. ఆ గళ్ల మీద ఒక్కో సమాచారాన్ని ఒక్కో పొరగా పరిచారు.

* ఆ చుట్టుపక్కల ఇళ్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి?
* జింకలు ఎంత ఎక్కువగా తిరుగుతున్నాయి?
* అవి రాకపోకలు సాగించే దారిలో ఉందా?
* మేత, నీడ పరంగా ఎంత మంచి స్థలం?
* హైవేకి ఎంత దూరం?
* మధ్యలో కాలవలు అడ్డొస్తున్నాయా?

అన్ని పొరలూ కలిపితే ప్రతి స్థలానికీ ఓ విలువ వస్తుంది. ఆ స్థలం పోతే జింకలకి ఎంత నష్టమో చెప్పే నంబర్ అది. దీన్నే 'హెచ్' అన్నారు.

నంబర్‌తో ఏం చేశారు?

అసలు మార్పు ఇక్కడే వచ్చింది. అప్పటిదాకా ప్రశ్న ఒక్కటే: కట్టొచ్చా, కట్టకూడదా? మ్యాప్ వచ్చాక ప్రశ్న మారింది: ఇక్కడ కడితే జింకకి ఎంత నష్టం, ఆ నష్టాన్ని ఎక్కడ పూడుస్తారు?

2006లో ఆమోదం పొందిన ప్లాన్ ప్రకారం 20 ఏళ్ల కాలానికి 200 కొత్త ఇళ్లు మించకూడదు. అన్ని నిర్మాణాలూ కలిపి మొత్తం నష్టం 1.1 హెచ్ దాటకూడదు. పైగా పోయిన ప్రతి హెచ్‌కి మూడు హెచ్‌ల విలువైన స్థలాన్ని జింకల కోసం కాపాడాలి. ఉదాహరణకి ఓ నిర్మాణం వల్ల 0.01 హెచ్ పోతే, 0.03 హెచ్ విలువున్న భూమిని కొని అలాగే వదిలేయాలన్నమాట.

దీంతో కొనాల్సిన స్థలాలేవో స్పష్టమైంది. అడవిని ఆనుకుని, జింకల దారిలో ఉన్న ప్లాట్లకి మొదటి ప్రాధాన్యం. ఇప్పటికే ఉన్న ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ ప్లాట్లలో కడితే నష్టం తక్కువ కాబట్టి కొత్త ఇళ్లని అటు మళ్లించారు. హైవే దగ్గర కూడా 2.6 కిలోమీటర్ల కంచె వేసి, జింకలు కింద నుంచి దాటడానికి రెండు అండర్‌పాస్‌లు కట్టారు.

మ్యాప్‌కి అందనివి

మ్యాప్ ఎంత పక్కాగా ఉన్నా అన్నీ అందులో ఇమడవు. 2016లో స్క్రూవార్మ్ అనే ఈగ పురుగు బారిన పడి 135 దాకా కీ డీర్ చనిపోయాయి. 2017లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు సముద్రం నీళ్లు మంచినీటి గుంటల్లో కలిశాయి. జింకలకి అధికారులే తాగునీరు పెట్టాల్సి వచ్చింది.

అసలు భయం ఇక ముందుంది. దీవి ఎత్తు చాలా తక్కువ. సముద్ర మట్టం పెరిగేకొద్దీ ఉప్పునీరు లోపలికొస్తుంది, మంచినీరు తగ్గుతుంది, పైన్ అడవి ఎండిపోతుంది. అంటే ఇవాళ ఎక్కువ హెచ్ ఉన్న స్థలం రేపు జింకకి పనికిరాకపోవచ్చు. అందుకే ఇలాంటి మ్యాప్‌లో ఇప్పుడు నేల ఎత్తు, మంచినీటి పొరలు కూడా చేర్చి చూడాలి. ఒకసారి గీసి బీరువాలో పెట్టేస్తే కుదరదు. నేల మారినప్పుడల్లా నంబర్ మళ్లీ లెక్కేయాల్సిందే.