బొమ్మలో చిల్లు ఎక్కడిది?

"మేడమ్, స్క్రీన్ అంతా నల్లగా వస్తోంది" అని కొత్తగా చేరిన పిల్లలు వస్తే, నేను ముందు అడిగేది ఆ స్క్రిప్టు ఏ ఏడాది నాటిదని. వాళ్లకది వింతగా తోస్తుంది. గాలి ప్రవాహాల లెక్కలకు కంప్యూటర్‌లో బొమ్మలు కట్టడం మా పని. ఈ పనిలో తగిలే చిక్కుల్లో చాలావాటికి పుట్టిన తేదీ ఉంటుంది. ఎవరో, ఎప్పుడో, మంచి కారణంతోనే ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు. ఆ కారణం తెలిస్తే మరమ్మతు సగం అయినట్టే.

1987 నుంచి మొదలుపెడతాను. సూపర్ కంప్యూటర్లు కుమ్మరిస్తున్న అంకెలను మనిషి చూసి అర్థం చేసుకోలేకపోతున్నాడనీ, వాటిని బొమ్మలుగా మార్చే విద్యకు నిధులివ్వాలనీ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కోసం మెక్‌కార్మిక్, డిఫాంటి, బ్రౌన్ నివేదిక రాసింది ఆ ఏడాదే. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న విలియం లోరెన్‌సెన్, హార్వీ క్లైన్ 'మార్చింగ్ క్యూబ్స్' పద్ధతిని సిగ్రాఫ్ సభలో ప్రకటించిందీ అప్పుడే.

వాళ్ల ముందున్నది సీటీ స్కాన్. దొంతరగా పేర్చిన ఆ పొరల్లోంచి ఎముక ఉపరితలాన్ని త్రిభుజాలతో అల్లాలి. స్కాన్‌ను చిన్న చిన్న ఘనాలుగా తీసుకున్నారు. ఘనానికి ఎనిమిది మూలలు. ప్రతి మూలా ఎముక లోపలైనా ఉంటుంది, బయటైనా ఉంటుంది. అంటే మొత్తం 256 రకాలు. ఘనాన్ని తిప్పి చూసి, లోపలా బయటా తారుమారు చేసి చూసి, ఒకేలా ఉన్నవాటిని కలిపేస్తే 15 మిగిలాయి. ఆ 15 రకాలకూ త్రిభుజాల పట్టిక రాసిపెట్టుకుంటే చాలు, కంప్యూటర్ ఘనం వెంట ఘనం దాటుకుంటూ పోతుంది. అంత కుదురైన ఆలోచన మా రంగంలో మళ్లీ నాకు కనిపించలేదు.

చిల్లు పడింది కూడా అక్కడే. ఘనం ముఖం మీద ఎదురెదురు మూలలు రెండు లోపల, మిగతా రెండు బయట ఉంటే గీతల్ని రెండు విధాలుగా కలపొచ్చు. లోపలా బయటా తారుమారు చేసిన ఘనం ఒక విధంగా కలుపుతుంది, దాన్ని ఆనుకున్న ఘనం రెండో విధంగా కలుపుతుంది. రెండింటి నడుమ ఖాళీ మిగులుతుంది. మరుసటి ఏడాదే, 1988లో, మార్టిన్ డ్యూర్స్ట్ దీన్ని ఎత్తిచూపారు. ఎముక బొమ్మలో కన్నం కనిపిస్తే అది ఎముకలోదా, లెక్కలోదా? చూసేవాడు వైద్యుడైతే ఇది ఎంత పెద్ద ప్రశ్నో ఊహించండి. 1991లో నీల్సన్, హమాన్ ఆ ముఖం మీది విలువలను బట్టే ఏ గీత కలపాలో తేల్చే పద్ధతి ఇచ్చారు. అంత దూరం పోకుండా, ఆ తారుమారు పొదుపు మానేసి, ఆ ఘనాలకు పట్టికలో వేరే గళ్లు ఇచ్చినా చిల్లు పూడుతుంది. సొంతంగా పట్టిక రాసుకున్న ప్రోగ్రాములు నా దగ్గరికి వస్తే ఇప్పటికీ మొదట అక్కడే వెతుకుతాను.

లోరెన్‌సెన్‌తో పాటు విల్ ష్రోడర్, కెన్ మార్టిన్ 1993 డిసెంబరులో ఒక పాఠ్యపుస్తకానికి తోడుగా, కంపెనీ అనుమతితో, సొంత సమయంలో ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. అదే వీటీకే. 1998లో దానికి అండగా కిట్‌వేర్ సంస్థ వచ్చింది. ఆ సంస్థ, లాస్ అలమోస్ ప్రయోగశాల కలిసి 2000లో వీటీకే మీద కట్టిన పారావ్యూ ప్రోగ్రాం పని ఎత్తుకున్నాయి. ఈనాడు మా బల్లల మీద ఉన్నది ఆ వంశమే.

వీటీకేలో పనులు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కట్టి ఉంటాయి. అడిగేదాకా ఏ పనీ జరగదు. అక్కర్లేని లెక్క చేయకుండా, చేసిన లెక్క మళ్లీ చేయకుండా ఉండేందుకు అలా కట్టారు. అందుకే 'అప్‌డేట్' పిలవకుండా ఎన్ని బిందువులున్నాయని స్క్రిప్టు అడిగితే సున్నా అంటుంది. ఫైలు చెడిపోయిందని పిల్లలు కంగారుపడతారు. ఫైలుకేమీ కాదు, దాన్ని ఇంకా ఎవరూ తెరవనే లేదు.

2013లో వచ్చిన ఆరో వెర్షన్ మరో కోత పెట్టింది. అంతకుముందు డేటాకే తాను ఏ గొలుసులోంచి వచ్చిందో గుర్తుండేది. ఆ ముడి తెంచేశారు. దాంతో పాత 'సెట్ ఇన్‌పుట్' పోయింది. విడి డేటాకు 'సెట్ ఇన్‌పుట్ డేటా' వచ్చింది, గొలుసుకు అంతకుముందే ఉన్న 'సెట్ ఇన్‌పుట్ కనెక్షన్' మిగిలింది. ఆ మార్పు సరైనదేనని నా నమ్మకం. కానీ పాత పుస్తకం చూసి రాసిన స్క్రిప్టులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

ఇక నల్ల స్క్రీన్. గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మ గీయించే ఓపెన్‌జీఎల్ ప్రమాణం 1992 నాటిది. పాత వీటీకే దాని తొలి రూపాలతోనే సరిపెట్టుకునేది. 2016లో ఏడో వెర్షన్ కొత్త గ్రాఫిక్స్ కార్డుల పద్ధతికి మారింది. భారీ డేటాకు వేగం వచ్చింది, దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయి కిటికీ తెరిచేవాళ్లకు తిప్పలూ వచ్చాయి. ఆ దారిలో పాత ఓపెన్‌జీఎల్ మాత్రమే అందేది. ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది బ్రయాన్ పాల్ 1993లో మొదలుపెట్టిన మెసా. కార్డు లేకుండా, తెర లేకుండా, ప్రాసెసర్‌తోనే బొమ్మ గీసిపెడుతుంది. రాత్రిపూట క్లస్టర్ మీద వందల చిత్రాలు తీయాల్సి వస్తే మా స్క్రిప్టులు నడిచేది దాని మీదే.

దోషమే అనిపించని దోషం రంగులది. ఇంద్రధనుస్సు వరసలో విలువలకు రంగులు వేస్తే పసుపు దగ్గర లేని అంచు ఒకటి కనిపిస్తుంది, ఆకుపచ్చలో ఉన్న తేడా కలిసిపోతుంది. 2007లో బోర్లాండ్, టేలర్ దీని మీద గట్టిగానే రాశారు. 2009లో కెనెత్ మోర్లాండ్ నీలం నుంచి ఎరుపుకు నడిచే వరస ఇచ్చారు, పారావ్యూ దాన్ని తీసుకుంది. గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ 2017లో విరిడిస్ అనే రంగుల వరసకు మారింది. పాత నివేదికలో పసుపు గీత చూపించి "ఇక్కడ షాక్ తరంగం ఉంది" అని ఎవరైనా అంటే, అదే డేటాను బూడిద రంగులో గీసి తెమ్మంటాను. గీత మిగిలితే అప్పుడు మాట్లాడుకుంటాం.