మీ నంబరు ఇంకా రాలేదమ్మా!

మొన్న అత్తయ్యను షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తొమ్మిదిన్నరకి రమ్మన్నారు కదా అని, పరగడుపున రక్తం ఇప్పించి, ఇడ్లీ డబ్బా బ్యాగులో పెట్టుకుని తొమ్మిదింబావుకే వెళ్లి కూర్చున్నాం. మా టోకెన్ 31. హాల్లో ఉన్న అందరికీ తొమ్మిదిన్నరే చెప్పారని పక్కనున్నావిడ చెప్తే తెలిసింది! డాక్టరుగారు వచ్చేసరికి పదిన్నర. మమ్మల్ని పిలిచేసరికి ఒంటిగంట. మూడు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

ఆటో ఎక్కాక అత్తయ్య అన్నారు: "అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెబుదామనుకున్నానే. బయట అంతమంది ఉన్నారుగా, ఆయన్ని ఇంకా ఆపితే బాగోదనిపించింది."

షుగర్ ఉన్నవాళ్లు అరికాళ్ల తిమ్మిరి సంగతి చెప్పకుండా రాకూడదు. నాలుగు గంటలు కూర్చున్నది ఆ మాట చెప్పడానికే. చెప్పకుండానే వచ్చేశాం.

అందరికీ ఒకే టైము చెప్పే ఈ పద్ధతి మన దగ్గరే ఉందా, ఇంకెక్కడైనా ఉందా అని చదువుతూ పోతే ఇంగ్లండు దాకా వెళ్లాల్సొచ్చింది.

19వ శతాబ్దపు లండన్‌లో డబ్బున్నవాళ్లకి ఈ బాధ లేదు. డాక్టరే బండి కట్టించుకుని ఇంటికొచ్చేవాడు. ఆసుపత్రులు చందాలతో నడిచే ధర్మాసుపత్రులు. వాటి ఓపీలకి వెళ్లేది పేదవాళ్లే. అక్కడ పెద్ద డాక్టర్లు జీతం లేకుండా సేవగా చూసేవాళ్లు. ఊరికే చూస్తున్న మనిషిని "ఎందుకు ఆలస్యమైంది?" అని ఎవరడుగుతారు? బెంచీల మీద గంటల తరబడి కూర్చోవడమే వైద్యానికి కట్టే ఫీజు అన్నమాట.

1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్ మేరీ స్టూవర్ట్ అనే ఆవిడని ఉద్యోగంలో పెట్టుకుంది. ఓపీకి వచ్చినవాళ్లతో మాట్లాడి, ఎవరు నిజంగా పేదవాళ్లో, ఎవరు డబ్బు ఇచ్చుకోగలరో తేల్చడం ఆవిడ పని. ఎదురుచూపు తగ్గించడానికి కాదు, ఉచిత వైద్యం దుర్వినియోగం కాకుండా చూడటానికే పెట్టారు. అయినా బెంచీ మీద కూర్చున్నవాళ్ల ఇంటి సంగతులు అడిగే మనిషి ఒకరు వచ్చారు. ఇప్పటి ఆసుపత్రుల్లోని మెడికల్ సోషల్ వర్కర్ల ఉద్యోగానికి మొదలు అదే.

1911లో అక్కడ ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. కానీ డాక్టరు వైద్యం ఉద్యోగం చేసేవాళ్లకే. ఇంట్లో ఉండే భార్యకి, పిల్లలకి లేదు. భర్తకి జ్వరమొస్తే డాక్టరు, భార్యకొస్తే కషాయం! 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలై అందరికీ ఉచితం అనేసరికి, ఏళ్ల తరబడి గర్భసంచి జారిన బాధలు దాచుకున్న ఆడవాళ్లు కూడా బయటికొచ్చారు. డబ్బు అడ్డు తొలగింది. క్యూ మాత్రం మిగిలింది.

అప్పుడు చాలా ఓపీల్లో మా టోకెన్ పద్ధతే. క్లినిక్ మొదలయ్యే టైముకే అందరినీ రమ్మనేవాళ్లు. డాక్టరుకి ఒక్క నిమిషం కూడా ఖాళీ రాకూడదని.

1952లో వెల్చ్, నార్మన్ బెయిలీ అనే ఇద్దరు దీన్ని లెక్కగట్టి లాన్సెట్ పత్రికలో రాశారు. బెయిలీ గణాంక శాస్త్రవేత్త. కంప్యూటర్లు అందుబాటులో లేని రోజులు కదా, కాగితం మీదే ఉత్తుత్తి క్లినిక్‌లు నడిపి చూశాడు. డాక్టరు ఖాళీగా ఉండే సమయాన్నీ, రోగులు కూర్చునే సమయాన్నీ ఒకే త్రాసులో పెట్టాడు.

వంటింటి లెక్క చేసి చూద్దాం. 24 మందిని ఒకేసారి 9 గంటలకి రమ్మన్నారు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు. మొదటావిడకి ఎదురుచూపు లేదు, చివరావిడకి 115 నిమిషాలు. అందరివీ కూడితే 23 గంటలు. డాక్టరు పనిచేసింది 2 గంటలు! ఆయన అరగంట ఆలస్యంగా వస్తే ఇంకో 12 గంటలు కలుస్తాయి. ఇందులో పక్కన తోడొచ్చిన కోడళ్లూ కూతుళ్లూ లేరు సుమా.

వాళ్లు చెప్పిన ఉపాయం తేలికైనదే. మొదట ఇద్దరిని రమ్మనండి, తర్వాత ఒక్కొక్కరినీ సగటు చూపు సమయం ఎడంతో పిలవండి. డాక్టరుకి పెద్దగా ఖాళీ రాదు, రోగులకి గంటలు మిగులుతాయి. అయితే డాక్టరు టైముకి రావాలి. ఇంత తేలికైన సంగతి మాటగా మారడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. 1991లో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన పేషెంట్స్ చార్టర్‌లో, అపాయింట్‌మెంట్ టైముకి 30 నిమిషాల లోపు చూడాలని రాశారు.

మరి ఎదురుచూపు తగ్గితే రోగికి తృప్తి కలుగుతుందా? డేవిడ్ మైస్టర్ 1985లో క్యూల గురించి రాస్తూ, ఎంతసేపో తెలియని ఎదురుచూపు, కారణం చెప్పని ఎదురుచూపు, అన్యాయంగా తోచే ఎదురుచూపు ఎక్కువ పొడుగ్గా అనిపిస్తాయన్నాడు. మన వెనకొచ్చిన మనిషి తెలిసినవాళ్ల పేరు చెప్పి లోపలికెళ్తే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2007లో అమెరికాలో 5 వేల మందికి పైగా రోగుల మీద జరిగిన సర్వేలో ఇంకో సంగతి తేలింది. బయట కూర్చున్న సమయం కన్నా లోపల డాక్టరుతో గడిపిన సమయమే తృప్తిని ఎక్కువగా నిర్ణయించింది. బయట ఎక్కువసేపు, లోపల తక్కువసేపు అయితే అన్నిటికన్నా అసంతృప్తి.

మనది సరిగ్గా అదే పరిస్థితి. 67 దేశాల వివరాలు పోల్చి 2017లో వచ్చిన ఒక పరిశోధనలో మన దేశంలో డాక్టరు చూపు సగటున సుమారు 2 నిమిషాలు. స్వీడన్‌లో 22 నిమిషాల పైనే. ఇందులో డాక్టర్ల తప్పే ఉందనను. వార్డులో సీరియస్ కేసు చూసి రావాలి, చెప్పకుండా వచ్చినవాళ్లనీ కాదనలేరు. 2022 నుంచి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి మొదలైంది. మంచిదే. కానీ తగ్గింది చీటీ దగ్గరి క్యూ. డాక్టరు గది ముందు క్యూ అలాగే ఉంది.

ఆ గోడ గడియారాన్ని మనం మార్చలేం. అందుకే ఈసారి రెండు పనులు చేశాను. బయల్దేరే ముందు ఫోన్ చేసి "డాక్టరుగారు వచ్చారా, ఎన్నో నంబరు నడుస్తోంది?" అని అడిగాను. విసుక్కున్నా చెప్పారు. అత్తయ్య చెప్పాల్సిన మూడు సంగతులు ఒక చీటీ మీద రాశాను, అన్నిటికన్నా పైన అరికాళ్లు.

లోపలికెళ్లగానే అత్తయ్య ఆ చీటీ డాక్టరుగారి ముందు పెట్టారు. ఆయన చదివి, చెప్పులు విప్పమని, వంగి పాదాలు నొక్కి చూశారు. ఎనిమిది నిమిషాలు పట్టింది. బయట ఎవరో గొణిగారు కూడా. ఆ గొణుగుడు నాదే కావచ్చు, పోయిన నెలలో.