ఆకుపచ్చని సూర్యుడు, అందని వాయువు

1883 ఆగస్టు 27న సుందా జలసంధిలో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. మనకు సుమారు 3,500 కిలోమీటర్ల దూరమున పుట్టిన ఆ కెరటపు జాడను విశాఖపట్టణమున ఆటుపోట్లను కొలుచు యంత్రము కాగితముపై గీచిపెట్టెను. కెరటమునకు లెక్క దొరకెను. కొండ కక్కిన వాయువునకో? దానిని తూచు త్రాసు నాడు లోకమున ఎక్కడను లేదు.

కొలతపై మక్కువ మన ఊరికి క్రొత్త కాదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబా గార్డెన్స్‌లో వేధశాల నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. 1874లో సూర్యబింబముపై శుక్రుడు సాగుటను పరిశీలించిరి. క్రకటోవా ప్రేలిన నాటికిని ఆ వేధశాల నడచుచునే ఉండెను. అయినను దూరదర్శిని నక్షత్రములను చూపునే గాని గాలిలోని గంధకమును చూపజాలదు.

ఆ సెప్టెంబరులో మద్రాసువారికి సూర్యుడు ఉదయాస్తమయములందు ఆకుపచ్చగా కానవచ్చెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆచార్యుడైన మిచీ స్మిత్, తరువాత కొడైకెనాల్ వేధశాలకు అధిపతియైనవాడు, వర్ణపటదర్శినిని ఆ సూర్యునివైపు త్రిప్పెను. ఎరుపు వన్నె క్షీణించియుండెను. నీటియావిరి గీతలు దట్టమైయుండెను. కావున ఆవిరియే కారణమని ఆయన తలచెను. నేటివారు కొండనుండి వచ్చిన సూక్ష్మరేణువులే కారణమందురు. నిర్ణయము నిలువకున్నను ఆయన పద్ధతియే గొప్పదని మేము భావింతుము: కొండ కడకు పోకుండ వెలుగునే ప్రశ్నించుట!

అగ్గిపుల్ల గీచినపుడు ముక్కున కెక్కు ఘాటే గంధక ద్విఆమ్లజనిదము. అది మ్రింగు వెలుగు అతినీలలోహితము; మీ యింటి రేడియో తరంగమువలెనే కంటికి కానరానిది. 1978లో అమెరికావారు నింబస్-7 ఉపగ్రహమున ఓజోనును కొలుచు పరికరము నొకదానిని పంపిరి. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ ప్రేలగా, ఆ పరికరము అక్కడ ఓజోను మితిమీరి యున్నదని చూపెను. అది ఓజోను కాదు, గంధక వాయువు! ఒక్కొక్క తరంగదైర్ఘ్యమున వెలుగు ఎంత తగ్గెనో పోల్చి, రెండింటిని వేరుపరచి, మబ్బు వైశాల్యముతో గుణించి టన్నులు లెక్కించిరి. 1991లో ఫిలిప్పీన్సునందలి పినటుబో వెలిగ్రక్కినది సుమారు ఒకటిన్నర కోటి మొదలు రెండు కోట్ల టన్నులని తేలెను.

క్రకటోవా వాయువు మాత్రము ఆ వెలుగు లెక్కకు చిక్కలేదు. అది ఆమ్లమై గ్రీన్లాండు, అంటార్కిటికా మంచుపొరలలో నిలిచియున్నది. శాస్త్రజ్ఞులు ఆ మంచును స్తంభములుగా తొలిచి తీసి, కరగించి, 1883 నాటి గంధకమును నేడు వెదకుచున్నారు.